లావు కొమ్ము, సన్న కొమ్ము

1943 సెప్టెంబరు 5. మార్కాపురం.

ఈ రోజు వర్జ్యం వెళ్ళాక నేను ఉద్యోగస్థుణ్ణయ్యాను. జీతం లేదు, కుర్చీ లేదు, హోదా మాత్రం ఉంది. మా మేనమామ కాటమరాజు గారి ఏకైక బస్సులోని ఏకైక బ్యాటరీకి నేను సర్వాధికారిని. ఫిజిక్సుతో బి.ఏ. చదివి మూడో తరగతిలో గట్టెక్కినవాడికి మద్రాసు గవర్నమెంటు ఇవ్వని గౌరవాన్ని మా అమ్మ తమ్ముడు ఇచ్చాడు. అప్పుడాయన అన్న మాటలు చరిత్ర కోసం రాసిపెడుతున్నాను.

"పెద్దారవీడులో మీ నాయన గొర్రెలు లెక్కబెట్టుకుంటా కూచోబాక, ఈడ్నే ఉండు అంకయ్యా. బస్సు ఆగకుండా చూసుకో. దసరా ఎల్లినాక చెంచులక్ష్మి సంగతి మాట్లాడుకుందాం."

చెంచులక్ష్మి ఆయన కూతురు. ఆ మాట అన్నప్పుడు పెరట్లో కందులు చెరుగుతోంది. చేట ఒక్క క్షణం ఆగింది. లేదా నాకట్లా వినిపించింది.

సెప్టెంబరు 6

నా రాజ్యం పరిస్థితి. పెట్రోలంతా యుద్ధానికి పోయింది కాబట్టి మా బస్సు బొగ్గు తిని బతుకుతోంది. వీపున ఒక ఇనప పీపా, అందులో బొగ్గు కాలితే వచ్చే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. నడుస్తుందని మేమంటాం, దగ్గుతుందని ప్యాసింజర్లంటారు. పొద్దున్నే పీపా రాజేయడం, టిక్కెట్లు కొట్టడం యల్లయ్య పని. బేస్తవారిపేట మీదుగా కనిగిరికి తోలుకుపోవడం వలీ బాషా పని. వలీ బాషా మామను అన్నా అంటాడు, బస్సును అమ్మా అంటాడు, నన్ను అల్లుడా అంటాడు. కాబట్టి నాకు ఆయన కూడా మామే.

డ్రైవరు సీటు కింద చెక్కపెట్టెలో బ్యాటరీ ఉంటుంది. నల్ల డబ్బా, కడుపులో యాసిడ్డు, నెత్తిన సీసంతో పోసిన రెండు మొలకలు. నేను వాటిని టెర్మినళ్ళు అంటే యల్లయ్య నా వైపు జాలిగా చూశాడు. మా బస్సులో వాటిని కొమ్ములంటారు. తీగల కొసన ఉండి కొమ్ముల మెడకు బిగుసుకునే సీసపు కట్లను ఉంగరాలంటారు.

ఒక కొమ్ము లావు, ఒకటి సన్నం. ఎందుకట్లా? సర్వాధికారిగా విచారణ జరిపాను.

యల్లయ్య: "లావుది మొగుడు, సన్నది పెండ్లాం."

మామ: "పోతబోసేటోడికి సగంలో సీసం అయిపోయుంటాది. దొరలైతే మాత్రం కక్కుర్తి ఉండదా?"

వలీ మామ: "అదంతా నీకెందుకబ్బా? లావు ఉంగరం లావుదానికి, సన్న ఉంగరం సన్నదానికి. చూసే పన్లేదు, నా చెయ్యే పోయి పెడతాది."

నేను బి.ఏ. గనక చిరునవ్వు నవ్వాను. నాకూ తెలియదు. కాలేజీలో మేము బ్యాటరీని నల్లబల్ల మీద రెండు గీతలుగా తప్ప ఎరగం. అక్కడ పొడుగాటి సన్న గీత ప్లస్సు, పొట్టి లావు గీత మైనస్సు. ఇక్కడ బస్సులో లావుది ప్లస్సట, సన్నది మైనస్సట. పుస్తకం తప్పా, బస్సు తప్పా? రెండూ రైటయితే నేను తప్పా? ఈ ప్రశ్నను వాయిదా వేశాను.

సెప్టెంబరు 14

సంక్షోభం. లావు కొమ్ము ఉంగరాన్ని యాసిడ్డు తినేసింది. వలీ మామ బిగిస్తుంటే విస్తరాకులా చిరిగింది. కంభంలో ఉన్న ఒక్క దుకాణంలో వెతికితే ఒక ఉంగరం దొరికింది. సన్నది. లావు కొమ్ము నెత్తిన సుత్తితో కొట్టినా అది దిగలేదు. మద్రాసుకు రాస్తే ఎప్పుడొస్తుందో యుద్ధం చేసేవాళ్ళకే తెలియాలి.

అప్పుడు మామ తన ఎద్దుల వైపు చూశాడు. జతగా కొన్నప్పుడు వాటిలో ఒకదాని కొమ్ము రెండోదానికన్నా మొద్దుగా ఉండేదట. మనిషిని పిలిపించి, చెక్కించి, నూనె రాయించి, జత సరి చేయించాడట. ఈ ప్రాంతంలో కొమ్ములు సరిలేని జతను బండికి కడితే పిల్లలు కూడా నవ్వుతారు.

"ఎద్దు కొమ్మునే చెక్కినోళ్ళం, బ్యాటరీ కొమ్ము చెక్కలేమా అల్లుడా?" అన్నాడు.

ఇందులో నాకు శాస్త్రవిరుద్ధమైనదేదీ కనిపించలేదు. సీసం మెత్తన, ఆకురాయి గట్టిది. పలకల కార్ఖానాలో ఒక ఆకురాయి అడిగి తెచ్చి, కూచుని, చిటికెన వేలు తిమ్మిరెక్కేదాకా అరగదీశాను. సాయంత్రానికి రెండు కొమ్ములూ కవలలు. సన్న ఉంగరం చక్కగా దిగింది. రాకిన సీసంతో పాటు దాని మీద ఉన్న ప్లస్సు గుర్తు కూడా పోయింది. అది నష్టం కింద రాయడం లేదు.

మామ దూరం నుంచి చూసి, "ఇప్పుడు చూడముచ్చటగా ఉంది," అన్నాడు. చెంచులక్ష్మి కూడా వచ్చి చూసింది. "రెండూ ఒకటే మాదిరుంటే ఏది ఏదో ఎట్ల తెలుస్తాది బావా?" అంది.

పిచ్చి పిల్ల. ఎర్ర రంగు డబ్బా తెప్పించి ప్లస్సు కొమ్ముకు, దాని ఉంగరానికి నా స్వహస్తాలతో రంగు పూశాను. "ఎర్రదే ప్లస్సు" అని అందరికీ ప్రకటించాను.

సెప్టెంబరు 15

బస్సు కదిలింది. నేనూ ఎదిగాను.

సెప్టెంబరు 22

ఈ మధ్య నడకలో కొంచెం గాంభీర్యం వచ్చిందని అత్త గోవిందమ్మ అంటోంది. చెప్పు కరిచిందేమో అని కూడా అంది.

అక్టోబరు 1

రంజాన్ పండగ. నెలరోజుల ఉపవాసాల్లో వలీ మామ హారను కూడా విసుగ్గా కొట్టాడు, ఇవ్వాళ మాత్రం అత్తరు పూసుకుని పెండ్లికొడుకులా ఉన్నాడు. నన్ను ఇంటికి పిలిచి సేమ్యా పెట్టించాడు. ఆయన భార్య మహమూదా గిన్నె నా ముందు పెడుతూనే మాట మొదలుపెట్టింది.

"మా తమ్ముడు మిలట్రీ లారీ తోలను అస్సాం పోయి ఏడాదయింది నాయనా. కార్డు ముక్క లేదు. కంభంలో ఆ సైన్యంలో చేర్చుకునేటోళ్ళు మళ్ళా వచ్చి కూచున్నారంట, డ్రైవర్లయితే చాలంట. మీ మామకు మాత్రం చెప్పొద్దు సుమా."

"నాకేం పని ఆడ?" అన్నాడు వలీ మామ సేమ్యా జుర్రుతూ. "నా అమ్మ ఈడుంది." అమ్మంటే బస్సు.

అక్టోబరు 7. మహర్నవమి.

ఆయుధ పూజ. కత్తిపీట దగ్గర్నుంచి కాడి దాకా అన్నిటికీ స్నానం, పసుపు, బొట్టు. వేరుశనగ నూనె మిల్లు ఇంజను దగ్గర చార్జీ చేయించుకొచ్చిన బ్యాటరీని కూడా పెట్టెలోంచి తీసి, కడిగి, అరుగు మీద పీటేసి కూర్చోబెట్టారు. చెంచులక్ష్మి తలంటుకుని, జడ విప్పుకుని, కుంకం గిన్నెతో వచ్చింది. బస్సు నుదుట బొట్టు. బొగ్గు పీపాకు బొట్టు. ఇంజను తిప్పే హ్యాండిలుకు బొట్టు. నా ఫౌంటెన్ పెన్నుకు బొట్టు. నేను మెడ చాచాను గానీ నన్ను దాటి పోయింది.

పరమాన్నం రెండు సార్లు వడ్డించుకున్నాను. నిద్ర వస్తోంది.

అక్టోబరు 8. విజయదశమి.

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే బస్సు నిండా జనం. బ్యాటరీ పెట్టెలోకి చేర్చి, వలీ మామ కింద నుంచి అరిచాడు. "అల్లుడా, ఏది ప్లస్సు?" నేను లోపల దోసె ముందున్నాను. "ఎర్రదే ప్లస్సు మామా!" అని అరిచాను. ఇది శాస్త్రీయంగా సరైన జవాబు. ఆయన ఇంకేదో అన్నాడు. చట్నీ వడ్డించే చప్పుడులో వినపడలేదు.

సెల్ఫు నొక్కగానే ఇంజను హాయిగా తిరిగింది. నేనూ ఎక్కాను. బేస్తవారిపేట దాకా పాటలు పాడుకుంటూ పోయాం. పేట దాటి ఎత్తు ఎక్కి ఇంజను జోరందుకోగానే సీటు కింద నుంచి కాలిన రబ్బరు వాసన. తీగల వెంబడి పొగ. వలీ మామ బస్సును పక్కకు ఆపి, చెక్క మూత ఎత్తబోయాడు. తీగ ఎక్కడో టప్పుమని మిణుగురు చిమ్మింది. బ్యాటరీ పేలింది.

మూత ఎగిరి కొట్టుకుంది. యాసిడ్డు ఆయన ఎడమ కాలి మీద పడింది. జనం కిటికీల్లోంచి దూకారు, ఒక ముసలమ్మ మేకపిల్లను ముందు బయటికి గిరాటేసి తర్వాత తను దూకింది. యల్లయ్య పీపా పక్కనున్న నీళ్ళ కడవ తెచ్చి ఆయన కాలి మీద దబదబా కుమ్మరించాడు. నేను ఏం చేశాను? నిలబడ్డాను. నాకు గుర్తున్నంత వరకూ బాగా నిలబడ్డాను.

బస్సును రెండు జతల ఎద్దులు కట్టి పేటకు లాగించారు. కొమ్ములు సరి చేసిన జతలే.

అక్టోబరు 9

వలీ మామ పంచె జల్లెడయింది. కాలి మీద ముంజేతంత మచ్చ, ఎర్రగా, తడిగా. కన్నుకు తగలలేదు, అదే పదివేలు అని డాక్టరన్నాడు. మహమూదా నాతో మాట్లాడలేదు. నన్ను చూడలేదేమో.

అక్టోబరు 10

మామ అరుగు మీద పంచాయితీ. మామ, వలీ మామ, యల్లయ్య, నేను. గుమ్మంలో అత్త.

"ఎన్నేండ్ల నుంచి తోలుతుండావు వలీ? ఏది యాడ పెట్టాల్నో తెల్వదా?"

"రెండు కొమ్ములూ ఎర్రగుండె అన్నా. ఏది పెట్టాల్నో అల్లుణ్ణి అడిగినా. ఎర్రది అన్నాడు. రెండూ ఎర్రగుండాయబ్బా అని మళ్ళా అరిచినా. పలకలా. నేనే ఒకటి అనుకోని పెట్టినా."

చట్నీ చప్పుడులో వినపడని మాట అదన్నమాట.

రెండూ ఎర్రగా ఎందుకున్నాయి? ఇంట్లో కుంకం గిన్నె ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. చెంచులక్ష్మి రెండు కొమ్ములకూ బొట్టు పెట్టింది. ఒకదానికి పెట్టి రెండోదాన్ని బోడిగా వదలడం పండగ పూట ఏ ఆడపిల్లకు చేతనవుతుంది? ఈ మాట ఎవరూ పైకి అనలేదు. మామ ముఖం మాత్రం గట్టిపడింది.

"దేవుడి బొట్టుకు తప్పు పడతావా? నా కూతురు మీద పెడతావా?"

"తోబా తోబా! నేనట్ల అన్లేదన్నా."

"సరే. బియ్యే చదివినోడు ఇంట్లో ఉండగా మనకెందుకు రచ్చ. అంకయ్యా, నువ్వు ఇచారించి వచ్చే ఆదివారం చెప్పు. వలీది తప్పంటే వలీ వేరే బండి చూసుకుంటాడు. నీ మాటే మాట."

వలీ మామ కుంటుతూ మెట్లు దిగాడు. వాకిట్లో ఆగి, బస్సు లేని చోటును చూశాడు. "వేరే బండి యాడుందబ్బా," అన్నాడు. "ఉండేది మిలట్రీ లారీనే."

అక్టోబరు 11

అంకయ్య కమిషన్, మొదటి రోజు. తేల్చినది: తప్పు యుద్ధానిది. యుద్ధం లేకపోతే లావు ఉంగరం దొరికేది. యుద్ధాన్ని పిలిపించి వాంగ్మూలం తీసుకోవడం కుదరదు.

అక్టోబరు 12

రెండో రోజు. తప్పు సెల్ఫుది. తీగలు తారుమారైనా సెల్ఫు మోటారు ఎప్పటిలాగే తిరిగింది, ఎవరికీ అనుమానం రానివ్వలేదు. బ్యాటరీకి కరెంటు పంపే డైనమో జోరందుకున్నాకే తీగలు కాలాయి. అపకారం చేసేవాడు ముందే కేకేయాలి కదా.

అక్టోబరు 13

గ్లాసుడు ఉప్పునీళ్ళు. బ్యాటరీ కొమ్ముల నుంచి రెండు తీగలు తెచ్చి అందులో ముంచితే మైనస్సు తీగ దగ్గర బుడగలు బాగా లేస్తాయి. ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. కాలేజీలో నేను మార్కులు తెచ్చుకున్న ఒకే ఒక ప్రయోగం. దోసె తిన్నంత సేపు పట్టదు.

ఈ విషయం కమిషన్ పరిధిలోకి రాదు.

అక్టోబరు 14

కంభం నుంచి వలీ మామ కోసం ఎవరో వచ్చి వెళ్ళారట. ఖాకీ టోపీ మనిషి. యల్లయ్య చెప్పాడు.

ఉప్పునీళ్ళ మాట పైన ఎందుకు రాశానో తెలియదు.

అక్టోబరు 15

మామ కొనబోయే బ్యాటరీని చూడమని నన్ను నూనె మిల్లుకు పంపాడు. వాడినదే, కానీ గట్టిది. ఒక కొమ్ము లావు, ఒకటి సన్నం. పాతదాని మీద నుంచి ఊడదీసిన ఉంగరాలు నా జేబులో ఉన్నాయి. రెండూ సన్నవే. సరిపోతాయో లేదో చూద్దామని ఒక ఉంగరాన్ని లావు కొమ్ము మీద పెట్టాను. దిగలేదు. తిప్పాను. దిగలేదు. పిడికిలితో గుద్దాను, తర్వాత రాయితో. కొమ్ము నా వైపు చూస్తూ అలాగే నిలబడింది. మా నాయన గొర్రెల్లో ఒక పొట్టేలు ఇట్లాగే నిలబడుతుంది.

ఆ పొట్టేలు గుర్తొచ్చాక నా చేయి ఆగిపోయింది.

దిగకపోవడమే దాని పని. మనిషి కునికిపాట్లు పడుతున్నా, చీకట్లో ఉన్నా, దోసె తింటున్నా, మైనస్సు ఉంగరాన్ని ప్లస్సు కొమ్ము తన మెడ మీదికి రానివ్వదు. పోతపోసినవాడికి సీసం తక్కువ పడలేదు. బుద్ధి ఎక్కువైంది. రంగుకు వెలుతురు కావాలి, గుర్తుకు చదువు కావాలి, లావుకు ఏమీ అక్కర్లేదు. "చూసే పన్లేదు, నా చెయ్యే పోయి పెడతాది" అన్నాడు కదా వలీ మామ. ఎందుకో ఆయనకూ తెలియదు. ఆ చేతికి దారి చూపేది ఆ లావే. దాన్ని నేను ఆకురాయి పెట్టి రాకేశాను.

ఉంగరాలు జేబులో వేసుకుని మిల్లు బయటికొచ్చాను. వేరుశనగ వాసన పడక.

అక్టోబరు 16

ఇది నాకు తప్ప మార్కాపురంలో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని తప్పు తప్పవుతుందా? లాజిక్కులో ఇలాంటి ప్రశ్న ఉండేది, ఆ పాఠం రోజు నేను రాలేదు.

పెరట్లో చెంచులక్ష్మి దగ్గరికి పోయాను. బట్టలు ఆరేస్తోంది.

"రేపు నాయనతో నేనే చెప్తా బావా," అంది. "బొట్టు నాది. తిడితే తిడతాడు, రెండు రోజులు అన్నం తినడు. వలీ మామను మాత్రం పంపబాక. మహమూదత్త నిన్న మా అమ్మ దగ్గరకొచ్చి ఏడ్చింది."

నా గుండె తేలికైంది. ఎంత తేలికైందంటే నాకే సిగ్గేసింది. ఏదో అనాలని నోరు తెరిచాను. "దండెం వంగింది, పక్కన ఇంకో బట్ట వెయ్యి" అన్నాను. ఇదీ బి.ఏ. పట్టభద్రుడి ప్రేమవాక్యం.

అక్టోబరు 17. ఆదివారం.

తీర్పు చెప్పాను. ఏం జరిగిందో రాస్తాను, అర్థం మాత్రం నన్నడగొద్దు. అడిగేదీ నేనే అనుకో.

అరుగు మీద అందరూ ఉన్నారు. వలీ మామ కాలి కట్టు మీద ఈగలు వాలకుండా యల్లయ్య తువ్వాలుతో విసురుతున్నాడు. చెంచులక్ష్మి గుమ్మం దాటి ఒక అడుగు బయటికి వేసింది. నోరు తెరవబోయింది. అప్పుడు నా నోరు నన్ను అడక్కుండా తెరుచుకుంది.

"మామా, తప్పు వలీ మామది కాదు. బొట్టుదీ కాదు. నాది. లావు కొమ్మును అరగదీసింది నేను. అది లావుగా ఉండుంటే తప్పు ఉంగరం పట్టేదే కాదు. ఎన్ని బొట్లు పెట్టినా ఆయన చేతికి తెలిసేది. పైగా రెండోసారి అరిచినప్పుడు నేను లేచి రాలేదు."

తర్వాత మామ కళ్ళు చెమర్చాయి.

"చూసినావంటే గోవిందా," అన్నాడు అత్తతో. "మరదలి మీద మాట రాకూడదని అంతా నెత్తినేసుకుంటుండాడు."

"కాదు మామా, నిజంగానే..."

"ఊరుకోరా. కొమ్ములు సరి చేస్తే పేల్తాదంటనా? మన ఎద్దులు పేలినాయా? నాకు తెల్వదనుకోబాక. మా అక్క కడుపున పుట్టినోడివి, అట్లనే ఉంటావు. వలీ, నువ్వు యాడికీ పోబాక. అల్లుడి మంచితనం చూసి విడిచిపెడుతుండా."

వలీ మామ ఒంటికాలి మీద లేచి నన్ను వాటేసుకున్నాడు. "అరే అల్లుడా, అబద్ధం కూడా ఎంత అందంగా చెప్పినావబ్బా!"

అత్త నా అన్నంలో మూడు గరిటెల నెయ్యి పోసింది. నిజం చెప్పి, అబద్ధానికి దక్కాల్సిన మర్యాదంతా పొందినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. వలీ మామ ఉంటున్నాడు. నాకు శిక్ష లేదు. సంతోషించాలి కదా. నెయ్యన్నం సగంలో వదిలి లేచాను.

చేయి కడుక్కుంటుంటే చెంచులక్ష్మి చెంబుతో నీళ్ళు పోసింది.

"వాళ్ళు నమ్మలా," అంది. "నేను నమ్మినా."

అక్టోబరు 19

ఆమె అడిగితే ఉప్పునీళ్ళ ప్రయోగం చేసి చూపించాను. మిల్లు నుంచి వచ్చిన బ్యాటరీ, ఒక గాజు గ్లాసు, రెండు తీగలు. బుడగలు లేచాయి. చాలాసేపు చూసింది.

"ఇంత తెలిసినోడివి ఆ పొద్దు లేచి రాకపోతివే."

"దోసె..." అన్నాను.

"తెలుసు. పోసింది నేనే."

అక్టోబరు 24

మంచితనం ఒక వారం పనిచేసింది. ఇవ్వాళ అయిపోయింది.

తీగలు మార్చారు. బస్సు సిద్ధం. మామ బ్యాటరీని, రెండు సన్న ఉంగరాలను, పలకల కార్ఖానా ఆకురాయిని వరసగా పీట మీద పెట్టించి నన్ను పిలిచాడు.

"కానీ అల్లుడా. ఆ లావు కొమ్మును సరి చేసెయ్."

"చెయ్యను మామా."

"ఏంది?"

"మద్రాసు నుంచి లావు ఉంగరం వచ్చేదాకా బ్యాటరీ ఎక్కించొద్దు. కొమ్మును రాకితే మళ్ళీ అంతే."

"ఆ నాటకం అయిపోయిందిలేరా! అందరం నమ్మినట్ల నటించినాం కదా? బస్సు ఆగితే నా గతేంది? బస్సు ఆగకుండా చూసుకుంటావనే నిన్ను పెట్టుకున్నా. ఆకురాయి పట్టుకుంటావా లేదా? పట్టుకోకపోతే పెండ్లీ లేదు గిండ్లీ లేదు, పెద్దారవీడు పోయి గొర్రెల్లో కలువు."

ఇదీ నా అసలు పరీక్ష అని అప్పుడే తెలిసింది. మొన్నటిది మాట. ఇది చెయ్యి. ఆకురాయి వైపు చూశాను. చెంచులక్ష్మి వైపు చూడలేదు, చూస్తే పట్టుకునేవాణ్ణి.

"మన బస్సుకు మాగ్నెటో ఉంది మామా, ఇంజనుకు నిప్పురవ్వ అదే పుట్టిస్తుంది. బ్యాటరీ లేకపోయినా హ్యాండిలు తిప్పితే కదులుతుంది. పగటి ట్రిప్పులకు దీపాలు అక్కర్లేదు. హ్యాండిలు నేను తిప్పుతా."

యల్లయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. బొగ్గు గ్యాసు ఇంజనుకు హ్యాండిలు కొట్టడమంటే పడుకున్న ఏనుగును చెవి పట్టి లేపడం.

"నువ్వు? పెన్ను పట్టుకుంటేనే వేళ్ళు నొస్తాయని అంటివే?"

"సైన్యానికి పోవాల్సినోణ్ణి నేను, నిలబెట్టింది వాడు," అన్నాడు వలీ మామ తన కట్టు కాలు ముందుకు చాపి. "కొమ్ము సంగతి నాకు తెల్వదన్నా. ఈ కాలు సంగతి తెలుసు. దాన్ని రాకితే నేను సీటెక్కను."

మామ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తిప్పు. ఎన్నాళ్ళు తిప్పుతావో నేనూ చూస్తా," అని లోపలికి పోయాడు.

సాయంత్రం ఆకురాయి కనపడలేదని గోల. చెంచులక్ష్మి వంటింట్లో దాంతో కత్తిపీట పదును పెడుతోంది. "దీనికి ఈడ పనుంది," అంది ఎవరినీ చూడకుండా.

అక్టోబరు 25

తిప్పాను. హ్యాండిలు వెనక్కి తన్నింది. బస్సు కదిలింది. నేను కదల్లేకపోయాను.

అక్టోబరు 28. దీపావళి.

కాకరపువ్వొత్తి పట్టుకోవడానికి కూడా చెయ్యి ముడుచుకోవడం లేదు. ఎడమ చేత్తో కాల్చాను.

నవంబరు 3

కుడి అరచేతిలో బొబ్బలు పగిలాయి. అత్త పసుపు పెట్టి గుడ్డ కట్టింది. గుడ్డతోనే తిప్పుతున్నాను. ఇవ్వాళ మామ అరుగు మీద నిలబడి చూశాడు. తర్వాత అత్తతో అంటుంటే విన్నాను. "పంతం అంతా మా అక్కదే."

పెండ్లి ఉందా లేదా? ఎవరూ చెప్పరు. అడిగే ధైర్యం లేదు. రోజూ పొద్దున్నే హ్యాండిలు దగ్గర ఒక లోటా మజ్జిగ మాత్రం ఉంటోంది. ఎవరు పెడుతున్నారో కమిషన్ వేయలేదు.

నవంబరు 9

మామ కంసాలిని వెంటబెట్టుకొచ్చాడు. "చెయ్యి చాపు," అన్నాడు. తప్పెవరిది, ఉద్దేశమేంది, ఒక్క మాట చెప్పలేదు. కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి కంసాలి ఎడమ చేతి ఉంగరపు వేలికే దారం చుట్టి కొలత తీసుకుపోయాడు. నేను లోపలికి పోయి గోడకానుకుని కాసేపు నిలబడ్డాను. ఈసారి కూడా బాగానే నిలబడ్డాను.

నవంబరు 21

ఒకే రోజు రెండు ఉంగరాలొచ్చాయి.

మద్రాసు నుంచి వచ్చిన సీసపు ఉంగరాన్ని వలీ మామ కళ్ళు మూసుకుని, తడుముకుంటూ, లావు కొమ్ముకు తొడిగాడు. లోటా మీద మూత పెట్టినట్టు కూచుంది. సన్నది సన్నదాని మీద. కళ్ళు తెరిచి, "చూసినావా, నా చెయ్యే పోయింది," అన్నాడు. సెల్ఫు నొక్కితే ఇంజను దగ్గింది. హ్యాండిలును గోడకు తగిలించాను. వీడ్కోలు చెప్పాలనిపించింది గానీ జనం ఉన్నారు.

మధ్యాహ్నం నాయన, అమ్మ పెద్దారవీడు నుంచి వచ్చారు. తాంబూలాలు మార్చుకున్నారు. మామ బంగారు ఉంగరం తీసి నా కుడి చేతి వేలికి తొడగబోయాడు. సగంలో ఆగింది. తిప్పాడు. దిగలేదు. నెయ్యి రాసి తోశాడు. దిగలేదు. నెలరోజులు హ్యాండిలు తిప్పిన వేలు ఎడమ చేతి వేలికన్నా లావైపోయింది. నా రెండు చేతుల్లో ఏది ఏదో ఇప్పుడు చీకట్లో తడిమినా తెలిసిపోతుంది.

మామ చెమట తుడుచుకున్నాడు. అందరూ ఏం చేయాలో తెలియక నా వేలినే చూస్తున్నారు.

వంటింటి గుమ్మం లోపల నుంచి చెంచులక్ష్మి అడిగింది.

"ఆకురాయి తెచ్చేదా బావా?"